సున్నా, లాభం, రెండు

మా పక్క కొట్టు అక్క మొన్న మంగళవారం మధ్యాహ్నం పోయారండి. అన్నానికని ఇంటికెళ్లిన మనిషి, తిని చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగారట. అంతే. బావగారు ఫోన్ చేశారు. "బాబూ, మీ అక్క..." అని ఆగిపోయారు. ఆ ఆగిన చోట నాకు భయం పుట్టింది. ఆ భయం నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఒక వానరోజు పొద్దున అచ్చం అలాంటిదే పుట్టింది. అప్పుడు దాన్ని దించింది అక్కే. ఇప్పుడు ఎవరి దగ్గరికి పరిగెత్తాలో తెలియలేదు.

నేను రాసేవాణ్ణి కాదండి. రావులపాలెం మార్కెట్లో అరటి గెలల కొట్టు నాది. ఫోన్లో గబగబా టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మధ్యలో బేరం వస్తే ఆపుతాను, మళ్లీ ఆపిన చోట నుంచి మొదలెడతాను. అలా ఆపిన చోట నుంచి అందుకోవడం కూడా అక్క దగ్గర నేర్చుకున్నదే.

అక్కది నెట్ కొట్టు. ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు, పిల్లల పరీక్ష ఫీజులు. కంప్యూటర్ చదువు చదివి, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసి, బావగారు పొలం వదలనంటే ఇక్కడికొచ్చేశారు. నాకు రక్త సంబంధం ఏమీ లేదు. మా రెండు కొట్లకీ మధ్య గోడ ఒకటే, అంతే బంధుత్వం. ఆ గోడ మీద చేత్తో రెండుసార్లు కొడితే టీ వచ్చిందని అర్థం.

టీతో పాటు అక్కకి ఒక చక్కెరకేళి పండు. అదీ సగమే. పండు సగం దాకా ఒలిచి, తిని, మిగతా సగాన్ని తొక్కతో మూసి కీబోర్డు పక్కన పెట్టేవారు. పదకొండింటికి ఆ సగం.

"ఏంటక్కా, పండు కూడా వాయిదాల మీద తింటారా?" అన్నానొకసారి.

"నా పండు, నా ఇష్టం. ఎంత అడిగితే అంతే ఇవ్వాలి, మిగతాది పాడవకుండా ఉండాలి. మంచి సర్వర్ లక్షణం అది. నీకు తెలీదులే, నువ్వు గెలలు అమ్ముకో."

నిజంగానే నాకు తెలీదు అప్పటికి.

మా ఇద్దరికీ రోజూ ఒక తగువు ఉండేది. మా వ్యాపారస్తులు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. మా నాన్న కొలిచినా, నేను గెలలు దించినా అంతే. అక్క పొద్దున్నే కాగితాలు దొంతర పెడుతూ కావాలనే గట్టిగా లెక్కపెట్టేవారు, "సున్నా, ఒకటి, రెండు..." అని.

"బోణీ వేళ సున్నా అనకండక్కా, మీకు దణ్ణం పెడతాను!"

"మా కంప్యూటర్లో మొదటిది సున్నా తమ్ముడూ. నీ లాభం వచ్చేది దాని తర్వాతే."

"మా కొట్లో సున్నాకి చోటు లేదండి."

"ఉంటుందిలే. ఏదో రోజు నువ్వే వెతుక్కుంటూ వస్తావు."

నవ్వుకునేవాళ్లం. ఆ రోజు వస్తుందని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

మా రెండు కొట్ల మధ్య దూలానికి ఒక కెమెరా ఉంటుంది. గెలలు పోతున్నాయని మార్కెట్ వాళ్లందరం కలిసి పెట్టించుకున్నాం, పెట్టింది అక్క. రికార్డింగ్ ఇక్కడ దాచలేదు. "దొంగ వచ్చాడంటే గెలతో పాటు నీ రికార్డు డబ్బా కూడా ఎత్తుకుపోతాడు" అని, ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్లోకి పంపించేవారు. సర్వర్ అంటే అద్దెకి తీసుకున్న కంప్యూటర్, పగలూ రాత్రీ మేలుకుని ఉంటుంది, అడిగినవాళ్లకి అడిగింది ఇస్తుంది అని చెప్పారు నాకు. పొద్దున కొట్టు తెరవగానే కెమెరా స్విచ్ నేను వేస్తాను. మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగాక, అన్నానికి వెళుతూ అక్క ఆపుతారు. ఏ రోజుది ఆ రోజు ఒకే ఫైలు.

ఆ రోజు వాన. ముందు రోజు నుంచీ ఆగకుండా కురుస్తోంది. బడికి సెలవిచ్చారు. మా పాపకి అప్పటికి ఐదో ఏడు, కొట్టుకి తీసుకొచ్చాను. ఎర్ర గౌను, తల మీద ప్లాస్టిక్ కవరు. అరటాకుల మీద కూర్చుని ఒక పిల్లికూనతో ఆడుకుంటోంది. అవతల లారీలు లోడవుతున్నాయి, కొన్ని ఒడిశా వైపు, కొన్ని మద్రాసు వైపు. కర్పూర అరటి గెలలు దించుకుంటూ "లాభం, రెండు, మూడు" అంటూ నేను నా గొడవలో ఉన్నాను. తలెత్తి చూస్తే అరటాకులు ఉన్నాయి, పాప లేదు.

మొదట కోపం వచ్చింది. "బుజ్జమ్మా! ఎక్కడున్నావే?" అని కేకేశాను. టీ బండి దగ్గర చూశాను, పక్క కొట్లలో చూశాను, లారీల కింద వంగి చూశాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు, బురదలో ఉత్తకాళ్లతో తిరుగుతున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మార్కెట్ అంతా మసకబారింది. ఎవరో పెద్దాయన మెల్లిగా అన్నాడు, "ఎందుకైనా మంచిది, కాలవ వైపు కూడా చూద్దామండీ" అని.

కాలవ. వానకి నిండుగా పోతోంది. నలుగురు కుర్రాళ్లు వెదురు గెడలు తీసుకుని అటు వెళ్లారు. నేనూ వాళ్ల వెనకే బయల్దేరానండి. కబురంది ఆటోలో వచ్చిన మా ఆవిడ దిగుతూనే నా చొక్కా పట్టుకుంది.

అక్క వచ్చి నా రెక్క పట్టుకున్నారు. "కాలవ దగ్గరికి వాళ్లెళ్లారుగా. నువ్వు నాతో రా. కెమెరా ఉంది."

"కరెంటు లేదక్కా!"

"ఇప్పుడు లేదు. పొద్దున్నుంచీ ఉంది. ఇప్పటిదాకా తీసిందంతా సర్వర్లో ఉంటుంది. రా ముందు."

లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. వైరు నెట్ కరెంటుతో పాటే పోయింది. ఫోన్ సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. దాన్నే లాప్‌టాప్‌కి కలిపి ఫైలు తెరిచారు. తెర మీద సున్నం రంగు చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. చివరికి బొమ్మ వచ్చింది. నేను షట్టర్ ఎత్తుతున్నాను. మళ్లీ చక్రం.

"ఇది మొదట్నుంచీ మొత్తం మోసుకొస్తోంది రా. ఈ సిగ్నల్ మీద అంతా దిగేసరికి రేపవుతుంది." ఆపేశారు. ఆపి నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. నా కంగారు చూసి అలా మాట్లాడారని తర్వాత తెలిసింది. "గెలంతా అక్కర్లేదు. మనకి కావాల్సిన అత్తం, ఆ ఒక్క వరస పళ్లు, కోయిద్దాం. ఇస్తుందో లేదో ముందు అడుగుతాను."

లాప్‌టాప్‌లో నల్ల తెర ఒకటి తెరిచి ఏదో టైపు కొట్టారు. ఫైలు పంపకుండా దాని వివరాలు మాత్రమే చెప్పమని అడిగారట. గెల ముట్టుకోకుండా తూకం అడిగినట్టు. నాలుగు వరుసలొచ్చాయి. ఒక వరుస మీద వేలు పెట్టారు. "ఇదిగో, మొత్తం బరువు ఇది. ఇక్కడ చూడు, ముక్కలుగా ఇస్తానంటోంది. అమ్మయ్య. కొన్ని సర్వర్లు ఇవ్వవు, తీసుకుంటే గెలంతా తీసుకో, లేకపోతే పో అంటాయి." తర్వాత అడిగారు, "పాపని ఆఖరుసారి ఎప్పుడు చూశావు? కెమెరా గడియారాన్ని నమ్మడానికి లేదు, కరెంటు పోయినప్పుడల్లా తప్పుతుంది. నువ్వు స్విచ్ వేసిన దగ్గర్నుంచి లెక్క చెప్పు. గంటకో ముక్క అనుకో. ఎన్నో ముక్క?"

వేళ్లు మడిచాను. షట్టర్ ఎత్తిన గంట. సైకిళ్ల మీద గెలలొచ్చిన గంట. కర్పూరాలు దించిన గంట. "మూడక్కా. మూడో ముక్క."

ఆవిడ లెక్కవేసి, ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా కావాలో అంకెలు కొట్టారు. "ఇప్పుడు 206 రావాలి. 200 వస్తే మళ్లీ మొత్తం కుమ్మరిస్తున్నట్టు. 206 అంటే నువ్వడిగిన ముక్కే ఇస్తున్నానని." కళ్లజోడు పైకి తోసుకున్నారు.

206 వచ్చింది. దాని కింద ఒక వరుస. సర్వర్ ప్రతి ముక్క మీదా చీటీ అంటించి పంపుతుందట. ఇది ఈ అంకె నుంచి ఈ అంకె దాకా, మొత్తం ఇంత, అని. అందుకే ముక్కలు కలిసిపోవు.

ముక్క దిగుతూ దిగుతూ మధ్యలో ఆగిపోయింది. సిగ్నల్ పోయింది. నేను గోడకి తల కొట్టుకోబోయాను.

"ఆగరా. వచ్చినంత వరకూ పోలేదు. ఎక్కడ ఆగిందో తెలుసుగా, అక్కడ్నుంచి అడుగుదాం."

మళ్లీ కొట్టారు. ఈసారి ఇంకో వరుస చేర్చారు. ఫైలు ఇందాకటిదే అయితేనే మిగతాది ఇవ్వు, మారిపోయి ఉంటే చెప్పు అని. "గెల కాడ మీద నువ్వు రంగు గుర్తు వేస్తావు చూడు, సర్వర్ కూడా ఫైలుకి అలాంటి గుర్తు ఒకటి ఇస్తుంది. అది చూసుకోకపోతే ఒక గెల మీద ఇంకో గెల అత్తం తెచ్చి అతికించినట్టవుతుంది."

ముక్క పూర్తయింది. ఆడించారు.

తెర మీద వాన. మార్కెట్. అరటాకులు. ఆకుల మీద ఎవరూ లేరు. పాప లేదు, పిల్లికూన లేదు. ముందుకి జరిపారు. లేదు. మా ఆవిడ నా భుజం పట్టుకున్న చోట గోళ్లు దిగాయి. అప్పుడు తెర మీదకి ఒక మనిషి వచ్చాడు. ఉత్తకాళ్లు, నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, శబ్దం లేదు. లారీ కింద వంగి చూస్తున్నాడు. లేచి మళ్లీ పరిగెత్తాడు.

నేనే.

నేను భయపడుతుంటే ఎలా ఉంటానో అప్పుడు చూశానండి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ నోరు కనిపిస్తుంది.

"ఇది వెతుకుతున్నప్పటిది! అప్పటికే పోయింది. మనం దాటి వచ్చేశాం." అక్క నా వైపు గిరుక్కున తిరిగారు. "ఒరేయ్. నువ్వు ఎక్కడ్నుంచి లెక్కపెట్టావు?"

"లాభం, రెండు, మూడు..."

"నేను సున్నా నుంచి పెట్టాను రా! నా మూడు నీకు నాలుగు!" నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఒక అత్తం అవతలకి కోశాం."

తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. అంకెలు మార్చి మళ్లీ అడిగారు. లాప్‌టాప్ మూలన బ్యాటరీ ఎర్రగా అయింది. మళ్లీ 206. ముక్క నత్తలాగా దిగుతోంది. బయట కాలవ వైపు నుంచి ఎవరో ఏదో కేకేశారు. దొరికిందని కేకో, ఇంకేదైనా కేకో తెలీదు. మా ఆవిడ చెవులు మూసుకుంది.

బొమ్మ వచ్చింది. ఎర్ర గౌను.

ఆకుల మీద కూర్చుని ఉంది. పిల్లికూన లేచి వాన తగలని చోటు చూసుకుంటూ పోయింది. పాప దాని వెనకాల పోయింది. గెలలెక్కించే చెక్క మీదుగా పిల్లి ఒక లారీలోకి ఎక్కింది. దాని వెనక ఎర్ర గౌను. కాసేపటికి ఇద్దరు మనుషులొచ్చి లోపలికి చూడకుండా టార్పాలిన్ దించి తాడు బిగించారు. లారీ కదిలింది. తలుపు మీద చిలక బొమ్మ.

"చిలకల లారీ! ఒడిశా లోడు!" అని అరిచాను.

డ్రైవరుకి ఫోన్ చేస్తే ఎంతకీ ఎత్తడు. ఎత్తాక, "మీ పాపా? నా బండిలో ఎందుకుంటుందండీ? తుని దాటుతున్నాను" అన్నాడు.

"వెనకాల చూడు బాబూ. గెలల మధ్య. నీకు పుణ్యం ఉంటుంది, ఒక్కసారి చూడు."

బండి పక్కకి ఆపిన చప్పుడు. తలుపు చప్పుడు. వాన చప్పుడు. తాడు విప్పుతూ, "గెలలు కొన్ని ఒరిగినట్టున్నాయండీ" అన్నాడు. అంత లోడు ఒక పసిపిల్ల మీద ఒరిగితే ఏమవుతుందో గెలలమ్మేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆకులు జరుపుతున్న గరగర. తర్వాత ఏమీ లేదు. ఫోన్ చూస్తే కాల్ కట్ అయింది.

నేను ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాను. మళ్లీ చెయ్యడానికి వేలు ఆడలేదు. చేస్తే ఏం చెబుతాడో.

అక్క నా వేలు పట్టుకుని ఆకుపచ్చ బొత్తాం మీద పెట్టారు. "ఆగిన చోట నుంచి అడగాలి తమ్ముడూ. అడుగు."

ఎత్తాడు. "ఆ, సిగ్నల్ పోయిందండీ. పడుకునుందండీ మీ పాప. పిల్లిని పొట్ట మీద పెట్టుకుని. ఇదిగో, లేచింది, ఏడుస్తోంది, మాట్లాడతారా?"

మా ఆవిడ ఫోన్ లాక్కుని మాట్లాడింది. నేను అక్క కొట్లో నేల మీద కూర్చుండిపోయాను. అక్క కుర్చీలో వెనక్కి వాలి, మూసిపెట్టిన సగం పండు అందుకుని ఒలవబోయారు. పండు చేజారి కింద పడింది.

"నాకూ భయమేసింది రా" అన్నారు. "రెండోసారి 206 వచ్చేదాకా నా చేతులు నావి కావు. ఆ రెండో ముక్కలో కూడా పాప లేకపోతే ఇంక ఎక్కడ అడగాలో నాకు తెలీదు." అప్పటిదాకా అక్కకి భయం ఉండదనుకున్నాను. అంత భయపడుతూ అంత నెమ్మదిగా నాకు ముక్కలూ అత్తాలూ విడమరిచి చెప్పారంటే, ఆ మాటలు ఆవిడకి కూడా ఊతమేమో అని ఇప్పుడనిపిస్తోంది.

ఆ తర్వాత నా భయం పోలేదండి. పాప కనబడకుండా కాసేపు ఉంటే నాకు చెమటలు పట్టేవి. ఇంట్లోనైనా అంతే. అక్క చూసి చూసి ఒక ఉపాయం చెప్పారు. మార్కెట్లో ఉన్నంతసేపూ పాప గట్టిగా లెక్కపెడుతూ తిరగాలి. లెక్క వినిపిస్తుంటే నేను వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

"ఎక్కడ్నుంచి లెక్కపెట్టాలి అత్తా?" అంది పాప.

నేను లాభం అన్నాను, అక్క సున్నా అన్నారు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అక్క కాస్త ఆలోచించి, "సున్నా, లాభం, రెండు, మూడు. సరేనా? మీ నాన్న పరువూ పోదు, నా సర్వరూ ఏడవదు" అన్నారు. మార్కెట్లో కొత్తగా వచ్చినవాళ్లు ఆ లెక్క విని నవ్వుతారు. మేం ఎవరికీ విడమరిచి చెప్పలేదు, ఇప్పుడే చెప్పడం.

మంగళవారం కబురొచ్చాక బావగారు తాళాలిచ్చి, ఆవిడ కాగితాలేవో తెమ్మంటే కొట్టు తెరిచాను. కీబోర్డు పక్కన సగం పండు, తొక్క మూసి ఉంది. ఆ రోజు పదకొండింటికి తినలేదన్నమాట. ఒంట్లో బాగా లేదేమో, గోడ మీద ఒకసారి కొడితే వచ్చేవాణ్ణి కదా. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయంగానే ఉంది. మధ్యలో గోడ ఒక్కటే, ఇవతల నేను గెలలు లెక్కపెడుతున్నాను.

ముక్క అడగడం నాకు నేర్పించారు అక్క. ధైర్యం చేసి ఆ రోజు ఫైలులో చివరి ముక్క అడిగాను. 206 వచ్చింది. అక్క కొట్టు మూసి, గొడుగు చంకలో పెట్టుకుని, కెమెరా కింద నిలబడి, స్విచ్ కోసం చెయ్యెత్తారు. మొహం కనిపించింది. అలిసిపోయి ఉంది. అక్కడితో ఆగింది. నాకు తెలుసు, అయినా ఆ తర్వాతది కూడా అడిగాను. ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి. ఈసారి 416 వచ్చింది. అడిగిన చోట ఏమీ లేదని అర్థం. దాని పక్కన మొత్తం ఎంతో మాత్రం చెప్పింది. ఉన్నదింతే అని.

పదో రోజు దాకా కొట్టు తెరవను అనుకున్నాను. మా ఆవిడ పంపించింది. ఈ పొద్దున షట్టర్ ఎత్తి, అలవాటుగా కెమెరా స్విచ్ వేశాను. ఎర్ర లైటు వెలిగింది. బడికి టైముందని పాప కూడా వచ్చింది. ఇప్పుడు పెద్దదైంది, లెక్కపెట్టమని నేను అడగను, అయినా పెడుతుంది, నా కోసం. గెలల మధ్య నుంచి వినిపిస్తూ ఉంది. సున్నా, లాభం, రెండు, మూడు, నాలుగు.

ఐదు వినిపించలేదు.

చేతిలో గెల వదిలేసి పరిగెత్తాను. మూసి ఉన్న అక్క షట్టర్ ముందు నిలబడి ఉంది పాప. తల ఎత్తి కెమెరా లైటు వంక చూస్తోంది. చెయ్యి గోడ మీద ఉంది. రెండుసార్లు కొట్టింది, చెవి పెట్టి విన్నది. తర్వాత నా వైపు తిరిగి, నా మొహం చూసి, "ఇక్కడే ఉన్నాను నాన్నా" అని, ఆగిన చోట నుంచి అందుకుంది.

"ఐదు."